ఒట్టి తునకల గంజులో ఉప్పు

ఇన్నేండ్లుగా ఈ సంగతి ఎత్తిన ప్రతిసారీ ఇంట్లో అందరూ నవ్వారు తప్ప, ఒక్కరూ నా మాట చెవిన పెట్టలేదు.

ఆ రోజు పెద్దమందడిలో మా అక్క ఇంట్లో ఒట్టి తునకలు, ఆలుగడ్డలు కలిపి ఒకే గంజులో వండాను. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం కాబట్టి మళ్లీ ఉప్పు వేయకూడదు. కొత్తిమీర తెచ్చేసరికి గంజు పక్కన మా బావ చేతులు దులుపుకుంటున్నాడు. మొదటి ముద్దకే అందరి ముఖాలూ మారిపోయాయి.

"ఏంది బామ్మర్దీ, కృష్ణ నీళ్లు దొరకలేదని సముద్రం నీళ్లు పోసినవా?" అని ముందుగా నవ్వింది బావే. ఆనాటి నుంచి ఏ పండుగకూ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

మొన్న బావ మా ఇంటికి వచ్చాడు. అదే కూర వండాను. అందరికీ తునకలు వేసి, బావకు ఆలుగడ్డలే వేశాను.

"జర తునకలు గూడ ఎయ్యి."

"ఆనాడు ఉప్పు ఎవరేసిండ్రో చెప్పు, ఏస్త."

బావ ఆలుగడ్డలే నమిలి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

బావా, నీ వాటా ఒట్టి తునకలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. అక్క ముందు నిలబడి జవాబు చెప్పు. ఉప్పేసింది ఎవరు?