ముందొచ్చినవాళ్ళే పెద్దమ్మ

పురసవాక్కంలో నేను రోజూ కాఫీకి వెళ్ళే హోటల్లో ఈమధ్య చిన్న అన్యాయం జరుగుతోంది. చక్కెర లేని కాఫీ నాకొస్తోంది. నా పక్కన కూర్చునే పెద్దాయనకు చక్కెర జబ్బు. నా కాఫీ ఆయన తాగుతున్నాడు, అదీ చాలా సంతోషంగా. సర్వరుకు మనుషులతో పని లేదు. ముందు పలికినవాడికి మొదటి గ్లాసు, తర్వాత పలికినవాడికి రెండోది. మొన్న ఆ పెద్దాయన మూతి తుడుచుకుంటూ "ఈ దినం కాఫీ సూపర్ సార్" అన్నప్పుడు, కొన్నేళ్ళ కిందట అంబత్తూరులో మా బావ షెడ్డులో గడిపిన ఒక విజయదశమి గుర్తొచ్చింది.

మా బావది హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డు. మెత్తగా వచ్చిన ఇనుప షాఫ్టులను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, గట్టిపరిచి పంపడం పని. రెండు కరెంటు ఫర్నేసులు ఉండేవి. పనివాళ్ళు పెద్దదాన్ని పెద్దమ్మ అనీ చిన్నదాన్ని చిన్నమ్మ అనీ పిలిచేవాళ్ళు. రెంటినీ చూసుకోవడానికి మూలన ఒక లినక్స్ కంప్యూటరు. ఎవరో కుర్రాడు ప్రోగ్రాం రాసిచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. కాలేజీలో లినక్స్ క్లబ్బు మీటింగులకు బజ్జీల కోసం వెళ్ళిన పుణ్యాన, ఆ తర్వాత దాని వైద్యం నాకు చుట్టుకుంది. వైద్యమంటే పెద్దగా ఏమీ లేదు. బావ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని ఆయనకు భయం. ఏటా ఆయుధపూజకు మెషీన్లన్నీ ఆగేవి, స్పానర్లతో సహా అన్నీ చందనం పూసుకుని పడుకునేవి. కంప్యూటరు మాత్రం నడుస్తూనే బొట్టు పెట్టించుకునేది.

ఆ ఏడు మా అక్క ఊరుకోలేదు. బావ పూలదండలకు వెళ్ళిన సమయం చూసి దాన్ని ఆపేసింది. తీగలన్నీ పీకి, తుడిచి, మళ్ళీ గుచ్చింది. బావ వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే, దాన్ని ఆపితివా?"

"ఆపినా. తుడిచినా. బొట్టు పెట్టినా. ఏడాదంతా ఎద్దు మాదిరి పంజేస్తా ఉండాది, ఒక్కదినం పడుకోనీ దాన్ని."

మర్నాడు, విజయదశమి పొద్దున మంచి టైము చూసి అన్నీ మొదలుపెట్టారు. నన్ను తోడుకు పిలిచారు. కంప్యూటరు లేచింది. బావ దానికి దణ్ణం పెట్టి చిన్నమ్మలో సరుకు ఎక్కించాడు. ఆ సరుకు సంగతి చెప్పాలి. షెడ్డును బతికిస్తున్నది ఒకే ఒక్క కంపెనీ. అంతకుముందు పంపిన లాటును వాళ్ళు తిప్పి పంపారు. ఇది కూడా తిరిగొస్తే ఇక సరుకుతో లారీ పంపబోమని చెప్పేశారు. పెద్దమ్మ ఆ పూట ఖాళీ, తలుపు తెరిచే ఉంది. లోపల పనివాళ్ళు తమ ఇడ్లీల టిఫిన్ క్యారియర్లు పెట్టుకున్నారు.

కాసేపటికి తెర మీద పెద్దమ్మ వేడెక్కడం మొదలైంది. చిన్నమ్మ మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. బావ తెరనే నమ్మాడు. "చిన్నమ్మకు ఇంకా సూడు రాలా, వేడే ఎక్కలా," అని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చిన్నమ్మ చల్లగా ఉందనుకుని కంప్యూటరు దానికి ఇంకా ఇంకా వేడి పోస్తోంది. తెర ప్రకారం ఇడ్లీలు ఏడువందల డిగ్రీల్లో ఉన్నాయి. అక్క వెళ్ళి ఒక క్యారియరు తీసి చెంపకు ఆనించుకుంది.

"చల్లగా ఉండాదే ఇది! ఏమిరా, చదువుకున్నోడివి, ఏం చూస్తా ఉండావ్ ఆడ?"

చిన్నమ్మ తలుపు సందులోంచి వెలుతురు ఎరుపు దాటి నారింజ రంగుకు తిరుగుతోంది.

జరిగింది ఇది. ఫర్నేసుల వేడి చెప్పే తీగలు రెండు వేరువేరు సాకెట్లలో గుచ్చి ఉంటాయి. కంప్యూటరు లేచేటప్పుడు ఒక్కో తీగకూ ఒక పేరు ఇస్తుంది. ఎవరు ముందు పలికితే వాళ్ళకు సున్నా, తర్వాత పలికినవాళ్ళకు ఒకటి. పెళ్ళింట్లో ముందు గుమ్మం దాటినవాణ్ణి పెద్దల్లుడని కూర్చోబెట్టినట్టు. ఆ బెంగళూరు కుర్రాడు సున్నా అంటే పెద్దమ్మ అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఆపలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ పొద్దున చిన్నమ్మ ముందు పలికింది. వేడి పెంచే స్విచ్చులది వేరే దారి, వాటి పేర్లు మారలేదు.

బావ చెయ్యి మెయిన్ స్విచ్చు మీదికి పోయింది. ఆపితే సగం కాలిన సరుకు, ఆపకపోతే మాడిన సరుకు. రెండూ తిరిగొచ్చేవే. "బావా, ఉండండి," అని ప్రోగ్రాంలో సున్నాను ఒకటి చేసి, ఒకటిని సున్నా చేశాను. తెర మీద చిన్నమ్మ ఒక్కసారిగా ఎగిరి తన అసలు వేడి చూపించింది. సరుకుకు కావాల్సిన వేడిని చూపే గీత మీదే ఉంది, ఇంకా దాటలేదు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. నేను చాలా మామూలుగా టీ అడిగాను.

టీ వచ్చేలోగా కరెంటు ఒక్క క్షణం కన్ను కొట్టింది. ఫర్నేసులకు అది లెక్కే కాదు. కంప్యూటరు మాత్రం పడిపోయి లేచింది. కరెంటు పోయినప్పుడు దాన్ని కాపాడాల్సిన యూపీఎస్‌ను ముందురోజు తుడవడానికి తీశారు. అది ఇంకా గోడ పక్కన చందనం, కుంకుమతో ప్రశాంతంగా కూర్చుని ఉంది. ఈసారి పెద్దమ్మ ముందు పలికింది. అంటే పాత వరసే సరైంది, నా దిద్దుబాటే తప్పైంది. తెర మీద ఇడ్లీలు మళ్ళీ కాలుతున్నాయి.

"చెప్తే వింటివా? ముట్టొద్దంటినే!" అని బావ అరిచాడు. ఎవరితోనో తెలియలేదు, అక్కా నేనూ ఇద్దరం తలొంచుకున్నాం.

ఇక పలికే వరస మీద ఆధారపడి లాభం లేదు. లినక్స్‌లో యూడెవ్ అని ఒకటుంది, వచ్చిన తీగకు ఏ పేరు పెట్టాలో దానికి మనం చెప్పి ఉంచవచ్చు. తీగలోని సీరియల్ నంబరును బట్టి పెట్టమని రాయబోయాను. రెండు తీగలూ చవగ్గా ఒకే చోట కొన్నవి, రెంటికీ ఒకే నంబరు. నారింజ రంగు పసుపువైపు చూస్తోంది. చివరికి నంబరు వదిలేసి, కంప్యూటరు వెనకాల పై సాకెట్లో ఉన్నది పెద్దమ్మ, కింది సాకెట్లో ఉన్నది చిన్నమ్మ అని రాశాను. ఎవరు ముందు పలికినా సరే, కూర్చున్న చోటును బట్టే పేరు. ప్రోగ్రాంలోనూ అవే పేర్లు పెట్టాను. ఇడ్లీలు చల్లబడ్డాయి. సరుకు మాడే వేడికి చేరకముందే చిన్నమ్మ గీత మీదికి దిగి నిలబడింది.

సరుకు నూనెలో మునిగి, చల్లారి, ఒక్కొక్క షాఫ్టూ గట్టిదనం పరీక్షకు ఎక్కింది. బావ పరీక్ష మెషీను ముల్లును చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అక్కే ఒక్కొక్కటీ చదివింది. అన్నీ పాసయ్యాయి. సాయంత్రం కంపెనీ లారీ వచ్చి ఎక్కించుకుపోయింది.

ఏళ్ళకేళ్ళు సాఫీగా నడిచిన కాలాన్ని మనం నమ్మకమని పిలుస్తాం. చాలాసార్లు అది ఎవరూ స్విచ్చు ముట్టని కాలం మాత్రమే. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. ఫర్నేసులు ఖాళీ అయ్యాక, "బావా, ఒక్కసారి ఆపి వేసి చూద్దాం, రాసింది నిలబడుతుందో లేదో తెలియాలి," అన్నాను. బావ కంప్యూటరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వొద్దు అబ్బాయ్. నడస్తా ఉండాది కదా, నడవనీ. జన్మలో ఆపొద్దు."

నూనె మరకల చీరతో అక్క ముందుకొచ్చి, స్విచ్చు మీద వేలు పెట్టి, మా ఇద్దరినీ చూసింది.

"ఆపితే లేస్తుందో లేదో తెలీని దాన్ని నమ్ముకునేనా, ఇన్నేండ్లు నా కొంప నడిపినారు మీరు?"