తాతగారి కోమా

నాటకాలు రాసే రోజుల్లో నా పేరు మైకులో గొంతు చించుకుని చెప్పేవారు. ఇప్పుడు నేను రాసే టీవీ సీరియల్ చివర అది ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతుంది. నాక్కూడా దొరకదు.

పరిషత్తు పోటీల్లో నా నాటకాలన్నిటికీ తండ్రి వేషం వేసిన పామర్రు మిత్రుణ్ణి ఆ సీరియల్లో తాతగారిగా పెట్టించాను. నాకంటే పెద్దవాడే అయినా నన్ను గురువుగారనే పిలుస్తాడు. షూటింగుకి నెలనెలా హైదరాబాద్ వెళ్లే ఆ నాలుగు రోజులే ఆయనకు ప్రాణం.

ఒక మధ్యాహ్నం గుణదలలో మా ఇంటికి హుషారుగా వచ్చాడు.

"గురువుగారూ, ఆర్ట్ డిపార్ట్‌మెంటోళ్లు నా ఫొటో అడిగారండీ. పెద్దది కావాలంట. పోస్టరేస్తారేమో! నవ్వుతున్నదివ్వనా, సీరియస్‌దివ్వనా?"

సీరియల్లో ముసలివాళ్ల ఫొటో అడిగేది దండేసి గోడకు తగిలించడానికే. చంపే సీను ఇంకా నాకే చెప్పలేదు. చావు కబురు రచయితకంటే ముందు ఫ్రేము కట్టేవాడికి వెళ్లిందన్నమాట.

ఉన్నమాట చెప్పేశాను.

సాయంత్రానికి ఛానెల్ నుంచి ఫోనొచ్చింది. "తాతగారిని లేపేద్దాం సార్. ఇంట్లో జనం ఎక్కువైపోయారు."

బతిమాలాను. ఫుల్‌స్టాప్ పెట్టాల్సినచోట కామా పెట్టడం నాకు అలవాటే. ఈసారి కోమా పెట్టాను. తాతగారు మెట్లమీంచి జారిపడతారు, కథకు అవసరమైనప్పుడు కళ్లు తెరుస్తారు. ఒప్పుకున్నారు.

"బతికించారండీ," అన్నాడు మిత్రుడు.

పడిపోయే సీను తీశారు. ఆ తర్వాత ఆయనకు పిలుపు లేదు. తెరమీద మాత్రం తాతగారు రోజూ ఆస్పత్రి మంచంమీదే ఉన్నారు. తలంతా కట్టు, మూతికి మాస్కు.

ఉండబట్టలేక పామర్రు వెళ్లాను. సీరియల్ నడుస్తోంది.

"ఏవండీ, ఆ పాదాలు మీవి కావుగా?" అంది ఆయన భార్య.

"కావే. ఎవర్నో పడుకోబెట్టారు."

"మరి మిమ్మల్నెప్పుడు పిలుస్తారంట?"

ఆయన నావైపు తిరిగాడు. "ఎప్పుడు లేస్తానండీ, గురువుగారూ?"

అంతలో నా ఫోను మోగింది. ఛానెల్‌వాళ్లే. మాట్లాడుకోవడానికి వీలుగా ఆవిడ టీవీ సౌండు తగ్గించింది. దాంతో అవతలి గొంతు గదంతా వినిపించింది.

"కోమా అదిరింది సార్! ఆర్టిస్టు లేకుండానే నడిచిపోతోంది. ఆయన్ని ఇంక లేపొద్దు. నానమ్మక్కూడా ఇలాంటిదే ఏదోటి చూడండి. రేపు పొద్దునకల్లా సీను కావాలి."

ఫోను పెట్టేశాను.

"నానమ్మ వేసేది మైలవరం ఆవిడండీ," అన్నాడాయన. "ఒంటరి మనిషి. రాయకండి."