హఫీజ్ భాయ్ పికప్‌లో పెరుగు

ఇబ్రహీంపట్నంలో హఫీజ్ భాయ్ దేన్ని కొలవాలన్నా పెరుగుతోనే కొలుస్తాడు. తోడు వేసిన పాలగిన్నె పెడతాడు. కదలకుండా గడ్డ కడితే పాస్, నీళ్లోడితే ఫెయిల్. చెల్లెలు గజాలాకు సంబంధం వచ్చినప్పుడు, పిల్లగాడు నిదానస్తుడో కాదో తేల్చడానికి అతని చేతిలో గిన్నె పెట్టి, జల్‌పల్లి నుంచి బస్సులో రమ్మన్నాడు. పెరుగు రాయిలా తోడుకుంది. పెళ్లయిపోయింది. ఆ బావగారు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాచే దిగుతాడని చెప్పుకుంటారు.

ఈ పిచ్చి ఒక సోమవారం పొద్దున సాగర్ రోడ్డు మీదున్న ఎల్లేష్ మెకానిక్ షెడ్డు గుమ్మం తొక్కింది.

హఫీజ్ భాయ్‌కి కూరగాయలు తోలే పికప్ ఒకటుంది. ఫోన్‌లో ఏదో వీడియో చూసి మోజు పడి, రెండు నెలల కింద దాన్ని జానెడు పైకి లేపించాడు. పెద్ద టైర్లు, చక్రాల మీద అదనంగా ఇనుప కమాన్ పట్టీలు. చూస్తే ఏనుగు మీది అంబారీ, ఎక్కితే రోట్లో పడ్డట్టు. టమాటాలు మార్కెట్‌కు చేరేసరికి సగం పచ్చడి.

"శుక్రవారం పొద్దుగాల దాకా టైమ్, ఎల్లేష్. బండి వెనుక సామాన్లేసే డబ్బాల పెట్టిన పెరుగు గడ్డ కట్టాలె."

"ముందట సీటు మెత్తగ కావాల్నంటె ఒక తీరు. వెనుక ఎవడు కూసుంటడు భాయ్?"

"ఎవడు కూసోడు. గదే కదా మాట."

ఎల్లేష్‌కు ఆ మాట ఎటూ అందలేదు. "జానెడు కిందికి దించేస్త. పూట పని. ఎప్పటిలెక్క మెత్తగ పోతది."

"దించొద్దు!" హఫీజ్ భాయ్ అదిరిపడ్డాడు. "ఎత్తు గట్లనే ఉండాలె. రోడ్డు మీద నిలబడ్డోనికి వెనుక ఏమున్నదో కనవడొద్దు."

"పెరుగు కనవడితే ఏమైతది?"

"దిష్టి తగుల్తది. శుక్రవారం తప్పితే మస్తు ఖరాబైతది, చెప్తున్న."

ఇరవై ఏళ్లలో ఎల్లేష్ ఏ బండినీ బాగుచెయ్యకుండా తిప్పి పంపలేదు. దీనికీ ఒప్పుకున్నాడు. ఈ పెరుగు సంగతి ఎదురుగా చాయ్ హోటల్ నడిపే మజీద్ చెవిన పడనే పడింది. పడ్డాక ఇంకేముంది? "ఏమాయె ఎల్లేష్, డెయిరీ పెట్టినవట గద!" అని వచ్చేపోయే గిరాకీ అంతా పలకరింపులే.

సోమవారం ఎల్లేష్ రాళ్లలా ఉన్న టైర్లలో గాలి తగ్గించాడు. తోడు వేసిన గిన్నె వెనుక పెట్టి బండి తిప్పి, సాయంత్రం మూత తీస్తే మజ్జిగ. మంగళవారం బరువు కోసం వెనుక ఇసుక బస్తాలు వేశాడు. మళ్లీ మజ్జిగే, కాకపోతే జర చిక్కటిది. బుధవారం అరిగిన రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. ఆ మూడు రోజులూ షెడ్డుకు వచ్చిన వాళ్లందరూ ఉప్పేసుకుని మజ్జిగే తాగారు.

అది చాలదన్నట్టు హఫీజ్ భాయ్ డబ్బాలో ఒక నులక మంచం కట్టాడు. ఎల్లేష్‌ను బండి తోలమని, తాను మంచం మీద బోర్లా పడుకుని, ప్రతి గుంత దగ్గరా "హాయ్ అల్లా!" అని కేక పెట్టేవాడు.

"గిన్నె కింద పెట్టినం గద భాయ్, నువ్వెందుకు పండుకున్నవ్?"

"పెరుగుకు నోరుండదు. అది చెప్పలేంది నేను చెప్త."

"మరి బోర్లెందుకు? పెరుగు బోర్ల పండుకుంటదా?"

"నువ్వు రోడ్డు జూడు."

గురువారం ఎల్లేష్ పట్టుదలగా బండి కిందికి దూరాడు. అప్పుడు దొరికింది దొంగ. బండినైతే లేపారు గానీ కుదుపులు మింగే షాకప్సర్లు పాతవే వదిలేశారు. పొట్టి దుప్పటి కప్పుకున్న పొడుగు మనిషిలా అవి చివరంటా సాగిపోయి, ఇక కదిలే జాగా లేక గుంత వచ్చినప్పుడల్లా ఠంగుమంటున్నాయి. ఎల్లేష్ ఆ ఎత్తుకు సరిపోయే పొడుగువి వేశాడు. ఎత్తు తగ్గకుండా చూసుకుంటూ, ఎక్కువైన కమాన్ పట్టీ ఒక్కొక్కటి పీకేశాడు. సాయంత్రం దాకా తిరిగొచ్చాక మూత తీస్తే పెరుగులో చెంచా నిటారుగా నిలబడింది. ఎల్లేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. హఫీజ్ భాయ్ అయితే గిన్నె పక్కకు నెట్టి, ఎల్లేష్ నెత్తి మీద ముద్దు పెట్టాడు.

శుక్రవారం పొద్దున, హఫీజ్ భాయ్ దారి చెప్తుంటే ఎల్లేష్ తోలిన బండి చెరువు అవతలి ఊళ్లో ఒక పెరటి గుమ్మం ముందు ఆగింది. తలుపు తెరుచుకుని నారయ్య సారు బయటికి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు. చేతిలో మెత్తటి బొంత. కాళ్లు ఎడంగా పెట్టి, గాజుపెంకుల మీద నడిచినట్టు నడుస్తున్నాడు. ఎవరినీ చూడకుండా స్టూలెక్కి, డబ్బాలోకి చేరి, మంచం మీద బోర్లా పడుకున్నాడు. హఫీజ్ భాయ్ పైన టార్పాలిన్ లాగాడు.

ఎల్లేష్ నోరు తెరిచాడు. హఫీజ్ భాయ్ అతన్ని పక్కకు లాగి గుసగుసలాడాడు.

"మూలశంక ఆపరేషన్. హైదరాబాద్‌ల చేయించుకొని ఆదివారం ఇంటికొచ్చిండు. దినం ఇడిసి దినం మన దవాఖానల కట్టు మార్పియ్యాలె. ఇయ్యాల మొదటిది. వచ్చేటప్పుడు ఆటోల పానం పోయినంత పనైందట. పుండు కుళ్లినా సరే ఇంక బండెక్కనన్నడు."

"అంబులెన్స్ పిలువకపోయినవ్?"

"పిలిస్తే ఊరంత మూగుతది. ఏమైంది సార్, యాడ నొస్తుంది సార్ అంటరు. అడిగెటోళ్లంత సారు చేతి కింద చదివినోళ్లే. ఏం చెప్తడు మనిషి?"

ఎల్లేష్ కాసేపు తల గోక్కున్నాడు. "నాకైన ముందుగాల చెప్పొద్దా భాయ్?"

"సారు ఒట్టేయించుకున్నడు. నన్ను పిచ్చోడంటే నాకేం నష్టం? ఎట్లాగు అంటనే ఉన్నరు."

ఎల్లేష్ వెళ్లి స్టీరింగ్ పట్టాడు. జన్మలో అంత మెత్తగా ఎప్పుడూ తోలలేదు. వెనుక నుంచి ఒక్కసారే గొంతు వినిపించింది: "ఎవడురా తోలేది? మంచిగ తోలుతున్నడు." బడిలో ఉన్నన్నాళ్లూ ఆ గొంతు తనను ఒక్కసారి కూడా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఎల్లేష్ ఛాతీ గజం పెరిగింది.

బస్ డిపో ముందు బండ్లు ఆగాయి. సరిగ్గా అక్కడే, పాలక్యాన్ పట్టుకుని మజీద్ రోడ్డు దాటుతున్నాడు. డబ్బా వైపు మునివేళ్ల మీద లేచి చూశాడు. అందలేదు.

"ఏమున్నది వెనుక?"

"ఉల్లిగడ్డ," అన్నాడు హఫీజ్ భాయ్.

"సిమెంట్," అన్నాడు ఎల్లేష్, అదే క్షణంలో.

టార్పాలిన్ కింద ఎవరో గట్టిగా దగ్గారు.

మజీద్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "సిమెంట్ దగ్గుతదా?"

"పాత సిమెంట్," అని ఎల్లేష్ గేరు వేసి, గుంతలు లేని పక్క చూసుకుంటూ, మెల్లగా బండి కదిలించాడు.