ఎడమ చేతి రాత

కామారెడ్డిలోని ఒక రైస్ మిల్లులో బెల్టులో పడి కుడి చెయ్యి ముంజేతి దాకా పోయాక హన్మండ్లు సొంతూరు ఎల్లారెడ్డికి తిరిగొచ్చాడు. రెండేళ్లయినా ఏడ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. ఏది తిన్నా ఒకటే రుచి. పొద్దున్నే ఎడమ చేత్తో ఇంటి వెనక వంగమొక్కలకు పాదులు తవ్వుతాడు. పదింటికి గ్రంథాలయానికి వెళ్లి, మొండి చేత్తో పేజీ అదిమిపట్టి పుస్తకం చదువుతాడు. చదివిందే సాయంత్రం గడప మీద కూర్చుని తలపోసుకుంటాడు. రిజిస్టరులో అతని పేరు రోజూ లైబ్రేరియన్ సాయిలతే రాసేది. ఆర్నెల్లుగా అతను వంగమడిలో తడిమట్టి మీద పుల్లతో అక్షరాలు దిద్దుతున్నాడని ఆమెకు తెలియదు. మొన్న సోమవారం ఆమె పెన్ను తీయగానే ఎడమ చెయ్యి చాచాడు.

“నేనే రాస్త చెల్లె.”

“మెల్లగ రాయన్నా.”

అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. వెనకవాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. రాసిన పేరును అతను వేరేవాళ్లదన్నట్టు చూశాడు.

“చదవొస్తున్నదా?”

“వస్తున్నదన్నా. హన్మండ్లు అనే ఉన్నది.”

అతను తలూపి, తన మూలకు వెళ్లి కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు గానీ, ఆ పూట చాలాసేపు మొదటి పేజీ తిప్పలేదు.