వెంటిలేటర్ దగ్గర చెయ్యి

ఏ పనీ ఒక పట్టాన తేల్చని మనిషి కనక వీధిలో ఆయనకి ‘చూద్దాంగారు’ అని పేరు పడింది. చొక్కా కొనాలన్నా బట్టని వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి పట్టి, "చూద్దాం" అని దుకాణం మెట్లు దిగేసేవాడు. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆ మాట అనే ధైర్యం కూడా పోయింది. ఇంటికి మిగిలిన ఆశల్లా ఇవాళ భార్యకి కంప్యూటర్లో జరగబోయే ఉద్యోగం ఇంటర్వ్యూ ఒక్కటే. పైవాటావాళ్ళు దయతలచి తమ వైఫై వాడుకోమన్నారు గాని, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కి వైఫై అందుకునే సదుపాయం లేదు. పొద్దున్నే దుకాణంలో డబ్బాలన్నీ తిరగేసి మరగేసి, పొడుగాటి యాంటెన్నా ఉన్న రిసీవర్ తెచ్చి తగిలించాడు. దానిమీది దీపం వెలగలేదు. కిటికీలో పెట్టాడు, బీరువా ఎక్కించాడు. చివరికి పొడుగు వైరు కలిపి, స్టూలెక్కి వెంటిలేటర్ దగ్గర పట్టుకుంటే పచ్చదీపం వెలిగింది. చెయ్యి కాస్త దించితే ఆరిపోయింది.

"కదలకండి, ఇంటర్వ్యూవాళ్ళు వచ్చేశారు!" అంది భార్య.

ఆవిడ జవాబులు చెబుతున్నంతసేపూ ఆయన గోడకి చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మోచెయ్యి వణికితే రెండో చేత్తో పట్టుకున్నాడు. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు.

"అయిపోయిందండీ, ఇంక దిగండి."

"ఏమన్నారు?"

"ఏ సంగతీ మెయిల్లో చెబుతారట."

"ఎప్పుడు?"

"అది చెప్పలేదు."

ఆయన చెయ్యి మార్చుకున్నాడు. స్టూలు మాత్రం దిగలేదు.