క్షమించాలి మాస్టారు

మా కాలేజీ రేడియోలో మాస్టారు చెప్పిన పాట చెప్పినట్టు వచ్చిన పాపాన పోలేదు. "ఇప్పుడొక వాన పాట విందాం" అంటారు. జోలపాట వస్తుంది. "పిల్లల్ని నిద్రపుచ్చే చల్లని జోలపాట" అంటారు. డబడబమని కవాతు పాట మొదలవుతుంది. వెంటనే ఆ కమ్మటి గొంతు, "క్షమించాలి శ్రోతలారా, తప్పు నాదే. చీటీ తప్పు చదివాను" అంటుంది. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కాలేజీ మొత్తానికీ ఆయన 'క్షమించాలి మాస్టారు'.

నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎందుకంటే అక్కడ ఫోను దగ్గర కూర్చునే విద్యార్థిని నేనే. శ్రోతలు అడిగిన పాటలు చీటీల మీద రాసి లోపలికి పంపడం నా పని. తర్వాత వాళ్లు పెట్టే చీవాట్లు తినడం కూడా నా పనే. అందరికంటే గట్టిగా పెట్టేది హాస్టల్ వార్డెన్.

"అమ్మాయ్, నేను వేణువు పాట కదా అడిగింది?"

"అవునండీ."

"మరి ఈ డోలు వాయింపేంటి?"

"మాస్టారు చీటీ తప్పు చదివారండీ."

"ఆయనకి అక్షరాలు దిద్దించిందెవరమ్మా?" అని ఠపీమని ఫోను పెట్టేసేది. మర్నాడు మళ్లీ చేసేది. మళ్లీ ఆ వేణువే అడిగేది.

క్యాంటీన్లో అయితే పందేలు. "మాస్టారు వాన అన్నారు. కవాతు వస్తుంది, కాఫీ పందెం!" పాటంటే చెవి కోసుకునేవాళ్లూ వినేవాళ్లు, పాటంటే గిట్టనివాళ్లూ వినేవాళ్లు.

విచిత్రం ఏంటంటే, క్లాసులో మాకు లెక్కలు చెప్పేదీ ఈయనే. చివరి బెంచీలో నేను దశాంశం చుక్క మింగేస్తే, బోర్డు దగ్గర్నుంచే "చుక్కేదమ్మా?" అనేవారు. అలాంటి మనిషికి స్టూడియోలో ఏం పుడుతుందో! ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టారూ, నా చేతిరాత అంత ఘోరంగా ఉందా?"

"నీ రాతకేం తల్లీ, ముత్యాలు. నా చూపే ఎటో పోతుంది."

ఇంతలో మా రేడియోకి కొత్త అధికారిణి వచ్చింది. మేడమ్ నవ్వగా చూసినవాళ్లు లేరు. వచ్చీ రాగానే మాస్టారిని నిలబెట్టి, "రేడియో అంటే నవ్వులాట కాదండీ. ఇంకొక్క తప్పు వచ్చిందంటే ఈ కార్యక్రమం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అంది. మాస్టారి ముఖం ఇంత చిన్నదైపోయింది. నాకు అయ్యో అనిపించింది. ఆ ఒక్క గంట కోసం రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే మనిషాయన. "రేడియోలో చొక్కా ఎవరికి కనిపిస్తుంది మాస్టారూ?" అంటే, "గొంతుకి తెలుస్తుందమ్మా" అనేవారు.

వార్డెన్ పాట ఇవాళైనా తప్పకూడదని ఆ సాయంత్రం వేణువు చీటీ నేనే పట్టుకుని లోపలికెళ్లాను. గదిలో మాస్టారు, గాజు అద్దానికి అవతల ఆపరేటరు బాబాయి. స్టేషను పుట్టినప్పట్నుంచీ పాటల డిస్కులు పెట్టేది బాబాయే. మాస్టారు చీటీ చూసి, "వేణువు పాట" అని సుబ్బరంగా చదివారు. బాబాయి బీరువాలోంచి ఒక డిస్కు తీసి ముక్కుకి ఆనించుకుని చూశాడు. దీపం వైపు తిప్పి చూశాడు. ఇక లాభం లేదని పెట్టేశాడు. డబడబమని కవాతు!

"క్షమించాలి శ్రోతలారా, తప్పు నాదే."

మైకు ఆపగానే ఆయన మీద పడ్డాను. "మీరు సరిగ్గానే చదివారు! బాబాయి కదా..."

"ష్! గట్టిగా అనకు. పాపం, రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆసుపత్రివాళ్లు ఆపరేషన్‌కి ఇన్నాళ్లకి పిలిచారు, వచ్చే నెల. చూపు ఆనని ఆపరేటరని తెలిస్తే ఈలోపే ఇంటికి పంపేస్తారు."

"ఆయన ఊరుకున్నారా?"

"ఊరుకుంటాడా? నిజం చెప్పేస్తానని రోజూ గొడవే. నేనే ఒట్టు వేయించుకున్నాను."

"మరి మీ కార్యక్రమం పోతే?"

"నాకు పోయేది పాటలమ్మా. ఆయనకి పోయేది కూడు. లెక్క నువ్వే చెయ్."

ఇన్నాళ్లూ ఈయన్నా నేను తిట్టుకున్నది!

మర్నాడు మేడమ్ తిన్నగా స్టూడియోలోకి వచ్చి మాస్టారి పక్కన కూర్చుంది. "చీటీలు ఇలా ఇవ్వండి. నేను చదివి చెప్తాను. వేరేవాళ్లకి ఇచ్చేముందు అసలు ఈ తప్పెలా వస్తుందో చూస్తాను" అంది. ఆవిడ చదివాక కూడా వేరే పాట వస్తే బాబాయి దొరికిపోయినట్టే. అద్దం అవతల బాబాయికి చెమటలు పడుతున్నాయి.

మాస్టారు మైకు నొక్కారు.

"శ్రోతలారా! నా చదువు మీద మీకెవరికీ నమ్మకం లేదని తెలుసు. అందుకే ఇవాళ్టినుంచి చీటీలు బంద్. ముందు పాట, తర్వాత పేరు! బాబాయి తన ఇష్టమొచ్చిన పాట వేస్తారు. అదేంటో నాకంటే ముందు ఫోను చేసి చెప్పండి చూద్దాం!"

బాబాయి చేతికందింది వేశాడు. ఇక ఫోను ఊపిరి పీల్చుకుంటే ఒట్టు. క్యాంటీన్, హాస్టల్, లైబ్రరీ, అంతా నా చెవిలోనే ఉన్నారు. మేడమ్ పెదవులు కాస్త అటూ ఇటూ కదిలాయి. అది నవ్వేనట.

"ఇదేదో ముందే చెయ్యొచ్చు కదండీ!"

"క్షమించాలి మేడమ్, తోచలేదు."

అలా ఆ నెల గట్టెక్కింది. బాబాయి ఆపరేషన్ చేయించుకుని, కొత్త కళ్లద్దాలతో వచ్చి, మాస్టారిని ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్లూ ఈ రంగు చొక్కాలా మాస్టారూ మీరు వేసుకొస్తున్నది?"

ఆ రోజు చీటీలు మళ్లీ మొదలయ్యాయి. వాన అంటే వానే వచ్చింది. వేణువంటే వేణువే వచ్చింది. ఫోను మోగింది. వార్డెన్.

"అమ్మాయ్, నేనడిగిన పాటే వచ్చిందేంటి? మాస్టారికి ఒంట్లో బాగాలేదా?"

ఆ వెనకే క్యాంటీన్ వాళ్లు. "మా పందేలన్నీ పాడుచేశారు కదండీ!" లోపలికెళ్లి ఇద్దరికీ చెప్పాను. మాస్టారు నవ్వేసి, "తర్వాత, చల్లని జోలపాట" అన్నారు. బాబాయి కళ్లద్దాలు సర్దుకున్నాడు. డిస్కు మీది పేరు శ్రద్ధగా చదువుకున్నాడు. నా వైపు చూసి కన్నుగీటాడు.

డబడబమని కవాతు!

మాస్టారు ఉలిక్కిపడి అద్దంలోంచి బాబాయిని చూశారు. "క్షమించాలి శ్రోతలారా, తప్పు నాదే" అన్నారు గానీ, నవ్వు ఆపుకోలేక ఆ మాట సగమే బయటికొచ్చింది.

ఫోను మోగింది. నేను నోరు తెరిచేలోపే వార్డెన్, "హమ్మయ్య! మాస్టారు కులాసాగానే ఉన్నారన్నమాట" అని పెట్టేసింది.