అరోరాలో దొరికిన మారేడు

ఒకే కాడకి మూడాకులు కనిపిస్తే మనవాళ్ళ చెయ్యి ముందుకు పోతుంది, అమెరికావాళ్ళ చెయ్యి వెనక్కి పోతుంది. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి జ్ఞానప్రసూన మొహం వాచిపోవలసి వచ్చింది.

జ్ఞానప్రసూనది పలాస. భర్త మల్లికార్జునరావుతో అరోరా వచ్చి చాలా ఏళ్ళయింది. ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర పని. బెండకాయ తోక విరిచి చూసేవాళ్ళని ఏమీ అనదు గాని, విరిచి వదిలేసి పోయేవాళ్ళని మాత్రం పేరు పెట్టి వెనక్కి పిలుస్తుంది. చుట్టుపక్కల తెలుగు పిల్లలకి ఆవిడ వినాయకుడి ఆంటీ. చవితి ముందు శనివారం ఆవిడ గరాజ్‌లోంచి కార్లు బయటికి పోతాయి, బంకమట్టి లోపలికి వస్తుంది. పిల్లలు తలా ఒక వినాయకుణ్ణి చేసుకుపోతారు. ఆ ఒక్కరోజు కోసమే ఆవిడ ఏడాదంతా కూరగాయలు సర్దుతుందని రావు గారి వేళాకోళం.

2009లో నేను ఆ ఊరి మీదుగా పోతూ రెండురోజులని వాళ్ళింట్లో దిగాను. ఒకచోట నిలిచే కాళ్ళు కావు నావి. అయినా చవితి దాకా కదలనివ్వలేదు. మంగళవారం సాయంత్రం ఆవిడ కాలువ గట్టు నుంచి సంచి నిండా పత్రి కోసుకొచ్చింది.

“బాబాయ్ గారూ, ఈ దేశంలో మారేడు దొరికింది. చూడండి, మూడేసి ఆకులు.”

కళ్ళకద్దుకుందామనుకున్నాను. చేతిలో కాఫీ ఉండబట్టి బతికిపోయాను. కిందటేడు కూడా చవితికి ఆవిడ చేతుల మీద దురద పుట్టిందట. అప్పుడు నేరం వంకాయ మీదికి పోయింది.

గురువారం పొద్దున ఆవిడ కిందికి దిగివచ్చేసరికి కళ్ళు గీతల్లా ఉన్నాయి. చేతుల మీద చారలు చారలుగా పొక్కులు.

“ఎవరండీ మీరు? మా ఆవిడేదీ?” అన్నారు రావు గారు.

“నవ్వించకండి, మొహం లాగుతోంది. ఎల్లుండి పిల్లలొస్తారు. ఈ అవతారంతో నానేటి చెప్పను వాళ్ళకి?”

దురద కంటే అదే ఆవిడ బెంగ. ముగ్గురం క్లినిక్‌కి బయల్దేరి కార్లో కూర్చున్నాక బెంగకి ఉపాయం కూడా చెప్పింది. “మా ఊరి డాక్టరు గారైతే ఒక్క సూది పొడిచేసేవారు. మర్నాటికి దిగిపోయేది. ఏటీ అడిగేవారు కాదు. ఇక్కడ మాత్రం నాకు షుగరుందని చెప్పకండి. చెప్తే సూది వెయ్యరు. నోరు మెదపనని మాటివ్వండి.”

రావు గారు కారు తిప్పుతూ మాటిచ్చారు.

క్లినిక్‌లో డాక్టర్ పేరు హాసిని. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఊపిరి బాగా ఆడుతోందా, గొంతు పట్టేసినట్టుందా అని ముందు అడిగింది. అదేమీ లేదన్నాక ఆకు సంగతి విని తల ఊపింది.

“అది పాయిజన్ ఐవీ, ఆంటీ. మూడాకులుంటే ముట్టుకోవద్దని మాకు స్కూల్‌లో చెప్తారు.”

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ తీగ మనకి పరాయిది కాదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఉన్న కుటుంబమే దానిదీ. బట్టల మీద చాకలి గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒళ్ళు పొక్కించిన కథలు మన పెద్దవాళ్ళకి తెలుసు. జీడిపిక్కల ఊళ్ళో పుట్టిన మనిషి, సముద్రాలు దాటి వచ్చి, ఆ పిక్కల చుట్టాన్నే వెతికి మరీ కోసుకుందన్నమాట.

“కళ్ళ చుట్టూ వచ్చింది కదా, క్రీమ్ సరిపోదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వచ్చు,” అంది హాసిని. “మీకు షుగర్ ఉందా? బీపీ?”

“ఏమీ లేవమ్మా.”

రావు గారు మాట తప్పే మనిషి కాదు. నోరు మెదపలేదు. భార్య హ్యాండ్‌బ్యాగ్ తీసి, జిప్ లాగి, షుగర్ మాత్రల సీసా డాక్టర్ ముందు బల్ల మీద పెట్టి, గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నారు.

హాసిని సీసా చదివి నవ్వింది. “ఎందుకు దాచారు, ఆంటీ?”

“చెప్తే వెయ్యవేమోనని.”

“వేస్తాను. కానీ తెలిసి వెయ్యాలి. స్టెరాయిడ్ షుగర్‌ని పైకి తీసుకెళ్తుంది, కొన్ని రోజులు. మీరు చెప్పకపోతే అది పెరిగేది, మనకి తెలిసేది కాదు.”

అక్కడే షుగర్ చూసింది. జ్వరం ఉందా, పొక్కుల్లో చీముందా, ఎప్పుడైనా టీబీ వచ్చిందా, ఈ మధ్య ఇంకెక్కడైనా ఇలాంటి ఇంజెక్షన్ తీసుకున్నారా అని అడిగింది. ఈసారి జ్ఞానప్రసూన అడగనివి కూడా చెప్పింది, చిన్నప్పటి గవదబిళ్ళలతో సహా. అప్పుడు తుంటి కండలోకి ఒకే ఒక ఇంజెక్షన్ పడింది. రోజూ షుగర్ చూసుకోవాలి, తను చెప్పిన అంకె దాటినా, దాహం పెరిగినా, జ్వరం వచ్చినా ఫోన్ చెయ్యాలి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, ఏ టీకా వేయించుకున్నా ఈ సంగతి ముందు చెప్పాలి. ఇవీ షరతులు. పత్రి సంచి చెత్తలో వెయ్యమంది, కాల్చవద్దంది. ఆ పొగ కూడా మంచిది కాదట.

శుక్రవారానికి వాపు సగం దిగింది. షుగర్, డాక్టర్ చెప్పినట్టే, ఎక్కింది. ఫోన్ చేస్తే మాత్రల మోతాదు సర్దింది.

“ఇంకో సూది వేయించుకుంటే మిగతాది కూడా దిగదేటి?” అంది జ్ఞానప్రసూన.

“రెండో వాయి గారెలనుకున్నావా?” అన్నారు రావు గారు. హాసిని ఫోన్‌లో అదే మాట మర్యాదగా చెప్పింది. ఆ ఒక్క మందే వారాల తరబడి ఒంట్లో పనిచేస్తుందట, దాని మీద ఇంకోటి వెయ్యకూడదట.

శనివారం గరాజ్ పిల్లలతో నిండిపోయింది. చేతుల మీది పొక్కులకి క్లినిక్‌లో కట్టిన కట్లుండటంతో ఆవిడ మట్టి ముట్టలేదు. కుర్చీలో కూర్చుని నోటితో వినాయకుళ్ళని చేయించింది. “తొండం అటు కాదమ్మా, ఇటు. అది తొండమా, తోటకి నీళ్ళు పెట్టే గొట్టమా?” ఏటేటా ఆవిడ చెయ్యిపడి ఒకే అచ్చులో వచ్చే విగ్రహాలు ఆ ఏడు ఒకదాన్నొకటి పోలలేదు. పక్కింటి సంహిత చేసినదానికి బుగ్గలు ఉబ్బి, కళ్ళు గీతల్లా ఉన్నాయి.

“ఇదేమిటే?”

“మీరే, ఆంటీ. థర్స్‌డే మీరు కార్‌లో వెళ్ళేటప్పుడు చూశాను.”

అందరికంటే ఆవిడే ఎక్కువ నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కట్లు అడ్డమొస్తే రావు గారు తుడిచారు.

చవితినాడు పీట మీద కూర్చున్నది ఆ ఉబ్బు మొహం వినాయకుడే. పత్రికి ఒట్టి గరిక. స్టోర్ నుంచి తెచ్చిన మామిడాకుల కట్టని మాత్రం ఆవిడ గడప దాటనివ్వలేదు. “ఇదీ ఆ తీగకి చుట్టమేనన్నారు కదా, బాబాయ్ గారూ.”

పాయసం ఆవిడ వండింది గాని రుచి చూడలేదు. ఆ ఇంట్లో ఆవిడ షుగర్ పుణ్యమా అని రావు గారికి కూడా తీపి నిషేధం. ఆ రోజు నైవేద్యం అయ్యాక, అతిథినైన నాకు వడ్డించే ముందు తీపి చూడటానికి వేరే గతి లేక గరిటె ఆయనకిచ్చింది. ఒక గరిటె చూశారు. సరిగ్గా తెలియలేదని మరో గరిటె చూశారు.

“సూది నీకు పడింది, గుణం నాకు కనిపిస్తోంది,” అన్నారు.

“మీ షుగర్ కూడా చూస్తాను, ఆగండి,” అంటూ జ్ఞానప్రసూన మీటర్ కోసం లేచింది.